ఓగర్‌ని దింపే ముందు

అమ్మడూ,

ఆదివారం డంజన్స్ అండ్ డ్రాగన్స్ సెషన్ కోసం, డీఎంగా (కథ నడిపి మాన్‌స్టర్లని ఆడించే మనిషిగా) నువ్వు రాసుకున్న ప్లాన్ చదివాను. మ్యాపు బాగుంది, గుహ మధ్యలో ఆ నీటి మడుగు ఇంకా బాగుంది. అడ్డం చెప్పాల్సింది ఒక్కటే. ఫస్ట్ లెవెల్ క్యారెక్టర్లు నలుగురి మీదికి ఓగర్‌ని, ఆ గద పట్టిన రాక్షసుణ్ణి, వదులుతున్నావు. పక్కన, మాన్‌స్టర్ ఎంత గట్టిదో చెప్పే ఛాలెంజ్ రేటింగ్ చూసి, "సీఆర్ రెండేగా, కొట్టేస్తారు" అని రాశావు. కొట్టేస్తారు, కాదనను. కొట్టేలోపు ఏమవుతుందో లెక్క వేద్దాం.

నీ దగ్గరున్న 2014 పుస్తకం ప్రకారం ఓగర్‌కి 59 హిట్ పాయింట్లు (అంటే ప్రాణం), ఏసీ 11 (దెబ్బ తగలాలంటే అందుకోవాల్సిన అంకె). మీవాళ్లకి కొట్టడానికి ప్లస్ 5 ఉందనుకో, ఇరవై ముఖాల డైస్ మీద 6 పడితే చాలు, నాలుగు దెబ్బల్లో మూడు తగులుతాయి. దెబ్బకి ఏడెనిమిది చొప్పున వేసుకుంటే నలుగురూ కలిసి రౌండుకి 22 దాకా లాగుతారు. అంటే మూడు రౌండ్ల పని. ఇప్పుడు అటువైపు చూడు. ఓగర్ గద దెబ్బ రెండు డీ8 (ఎనిమిది ముఖాల డైస్) ప్లస్ 4, సగటున 13. మీ విజార్డ్‌కి, అదే మంత్రగాడికి, ఉన్న హిట్ పాయింట్లు ఎనిమిది. మామూలు దెబ్బకే పడిపోతాడు. 16 గానీ అంతకు మించి గానీ వచ్చిందా, పోగా మిగిలిన డ్యామేజీ వాడి మొత్తం హిట్ పాయింట్లకి సరిపోయింది కాబట్టి డెత్ సేవ్‌లు (పడినవాడు బతకడానికి వేసే డైస్) కూడా ఉండవు, అక్కడికక్కడే చావు. అదేమీ అరుదు కాదు, తగిలే నాలుగు దెబ్బల్లో దాదాపు ఒకటి అంత పడుతుంది. పాపం, రెండు వారాలు కూర్చుని తన క్యారెక్టర్ తాతల చరిత్ర కూడా రాసుకున్న పిల్లాడు, ఆట మొదలైన అరగంటకి ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు.

సీఆర్ అంటే ఏమిటో పుస్తకమే చెప్పింది. అదే లెవెల్ వాళ్లు నలుగురు, బాగా రెస్ట్ తీసుకుని, సామాన్లన్నీ ఉండి, ఎవరూ చావకుండా గెలవగలిగిన మాన్‌స్టర్ అని. సీఆర్ 2 అంటే సెకండ్ లెవెల్ వాళ్లకి అని అర్థం. పార్టీ లెవెల్ కంటే పై సీఆర్ దింపేటప్పుడు జాగ్రత్త అని డీఎం గైడ్‌లోనే ఉంది. ఉదాహరణ కూడా ఇదే పెట్టారు: ఒక్క దెబ్బకి ఫస్ట్ లెవెల్ విజార్డ్‌ని చంపే ఓగర్. పట్టికలు చూసి ఆ పేరా వదిలేశావు నువ్వు. అందరూ వదిలేస్తారులే.

పట్టికల సంగతి కూడా విను. నలుగురు గాబ్లిన్లు (చిన్న సైజు మాన్‌స్టర్లు), నలుగురు ఫస్ట్ లెవెల్ వాళ్లు. ఒక్కో గాబ్లిన్ 50 ఎక్స్‌పీ (ఓడిస్తే వచ్చే పాయింట్లు), మొత్తం 200. నలుగురున్నారు కాబట్టి రెండుతో హెచ్చించమంది 2014 గైడ్. 400 అయింది, ఆ లెవెల్‌కి అది డెడ్లీ. 2024 గైడ్‌లో ఆ హెచ్చింపు తీసేశారు. అక్కడ అదే 200 అన్నిటికంటే కింది మెట్టు, లో. పదేళ్ల తేడాలో అదే ఫైట్ ప్రాణాంతకం నుంచి తేలికకి దిగిపోయింది. ఏది నిజమంటే, గాబ్లిన్లు ఎక్కడ నిలబడ్డారో చెబితే నేను చెప్తాను. ఖాళీ గదిలో గుంపుగా నిలబడితే మీ విజార్డ్ నిద్రపుచ్చే స్లీప్ స్పెల్ వేస్తాడు. 2014 స్లీప్ ఐదు డీ8, సగటున 22 హిట్ పాయింట్ల మేర. ఏడేసి హిట్ పాయింట్ల గాబ్లిన్లు ముగ్గురు గురకలు పెడతారు, నాలుగోవాడు పారిపోతాడు. అదే నలుగురూ గట్టు మీద పొదల్లో విడివిడిగా ఉండి, బాణం వేసి మళ్లీ దాక్కుంటూ ఉంటే? దాక్కోవడం వాళ్లకి బోనస్ యాక్షన్, అంటే అదే టర్న్‌లో అదనంగా చేసే పని. రెండు రౌండ్లలో నీ పార్టీలో ఇద్దరు నేల మీద ఉంటారు.

అందుకే నేను సీఆర్‌ని మొదటి జల్లెడగా వాడి వదిలేస్తాను. తర్వాత చూసేవి రెండే. రౌండుకి ఎటువైపు ఎన్ని టర్న్‌లు? అందరికంటే బక్కవాడు ఎన్ని దెబ్బలకి పడతాడు? ఒంటరి మాన్‌స్టర్‌కి ఒక్క టర్న్, వీళ్లకి నాలుగు. అడల్ట్ రెడ్ డ్రాగన్ అంతటి సీఆర్ 17 దానికే రౌండుకి మూడు లెజెండరీ యాక్షన్లు (ఇతరుల టర్న్‌ల చివర చేసే పనులు), రోజుకి మూడు లెజెండరీ రెసిస్టెన్సులు (స్పెల్స్ నుంచి తప్పించుకునే అవకాశాలు) ఇచ్చారంటే ఊరికే ఇచ్చారా? అవి లేకపోతే ఎవడో ఒక స్పెల్ వేసి కట్టిపడేస్తాడు, మిగతా ముగ్గురూ చుట్టూ చేరి చితక్కొడతారు. చిన్న లెవెల్స్‌లో ఒంటరి మాన్‌స్టర్‌తో ఎప్పుడూ ఇదే గొడవ. అయితే ఒక్క దెబ్బకి ఒకణ్ణి చంపుతుంది, లేదంటే ఏమీ చేయకుండానే చస్తుంది.

సీఆర్ చూసి మోసపోయే మాన్‌స్టర్లు కొన్ని ఉన్నాయి. షాడో సీఆర్ అర. తగిలిన ప్రతిసారీ డీ4 స్ట్రెంత్ పీలుస్తుంది, సున్నాకి వస్తే చావే, హిట్ పాయింట్లు ఎన్నున్నా లెక్కలేదు. స్ట్రెంత్ 8 ఉన్న విజార్డ్‌కి మూడు నాలుగు దెబ్బలు చాలు. ట్రోల్ ఇంకో రకం. సీఆర్ 5, 84 హిట్ పాయింట్లు, ప్రతి టర్న్‌కీ పది తిరిగి వస్తాయి. నిప్పు గానీ యాసిడ్ గానీ తగిలితే దాని తర్వాతి టర్న్‌కి అది ఆగుతుంది. ఫైర్ బోల్ట్ ఉన్న పార్టీకి అదొక మొద్దు. నిప్పూ యాసిడ్ రెండూ లేని పార్టీకి అది చావదు. అదే ట్రోల్, అదే సీఆర్. కాబట్టి మాన్‌స్టర్ పేజీ కంటే ముందు క్యారెక్టర్ షీట్లు చదువు.

షీట్లు చదివితే ఇంకోటి కూడా కనిపిస్తుంది. నిధిలో ఫైటర్‌కి ప్లస్ 1 షీల్డ్ పెట్టావు. చెయిన్ మెయిల్, డిఫెన్స్ స్టైల్ కలిపితే ఏసీ 20 అవుతుంది. ప్లస్ 4 గాబ్లిన్ వాణ్ణి నాలుగింట ఒకసారే కొట్టగలడు. నీకు విసుగొస్తుంది, వాడికి తగిలేలాంటి మాన్‌స్టర్ తెస్తావు. అది ఏసీ 12 విజార్డ్ మీదికి తిరిగితే దాదాపు ఏ దెబ్బా తప్పదు. వాడి ఏసీ జోలికి పోకు. విజ్‌డమ్ సేవ్ (మనసుకి తగిలే దాడిని తట్టుకోవడానికి వేసే డైస్) అడిగే మాన్‌స్టర్‌ని పెట్టు, ఫైటర్లు అక్కడ దొరుకుతారు. షీల్డ్ మాత్రం మూడో లెవెల్ దాకా దాచిపెట్టు.

రెస్ట్‌ల (స్పెల్స్ తిరిగి తెచ్చుకునే విశ్రాంతి) గురించి ఎక్కువ చెప్పను. 2014 గైడ్ రోజుకి ఆరు నుంచి ఎనిమిది ఫైట్లు ఉంటాయనుకుని లెక్కలు కట్టింది. మీరు సాయంత్రానికి ఒకటో రెండో ఆడతారు. ఒకటే ఫైట్ అని తెలిశాక స్పెల్స్ ఎవరు దాచుకుంటారు? ఐదో లెవెల్‌కి వచ్చేసరికి ఇది బాగా తెలుస్తుంది. ఫైర్‌బాల్ ఎనిమిది డీ6, సగటున 28, ఫైటర్‌కి రెండో అటాక్. అప్పుడు మళ్లీ ఉత్తరం రాయి.

ఇక ఆదివారానికి. ఓగర్‌ని తీసేయమనడం లేదు. ముందు గాబ్లిన్లని పెట్టు, అదీ అందరినీ ఒకేసారి కాదు. ఇద్దరు గదిలో, ఇద్దరు తలుపు వెనక. ఫైట్ సాఫీగా సాగుతుంటే తలుపు తెరువు, ఇటు ఇద్దరు పడిపోయారా, ఆ తలుపు తెరవాల్సిన పనే లేదు. స్క్రీన్ వెనక డైస్ మార్చడం నాకు ఇష్టం ఉండదు. ఒకసారి పిల్లలకి అనుమానం వచ్చిందంటే ఆ తర్వాత గెలిచినా నీ దయ అనే అనుకుంటారు. తలుపు వెనక ఎంతమంది అన్నది మాత్రం డీఎం హక్కు. పడినవాణ్ణి గాబ్లిన్ మళ్లీ పొడుస్తుందా అన్నదీ నీ చేతిలోదే. పక్కన నిలబడి పొడిచి తగిలితే అది క్రిట్ (పెద్ద దెబ్బ), ఒకేసారి రెండు డెత్ సేవ్‌లు పోతాయి. ఆకలి మీదున్న తోడేలు లాక్కుపోతుందేమో గానీ, గాబ్లిన్ నిలబడి ఉన్నవాడి వైపే తిరుగుతుంది, లేకపోతే జేబులు వెతుకుతుంది.

ఆ గది దాటాక ఓగర్. మడుగు పక్కన తిని పడుకుని ఉండనీ. లేస్తే మొదటి దెబ్బ రాతి స్తంభానికి తగలనీ, రాళ్లు విజార్డ్ కాళ్ల దగ్గర పడ్డాయని చెప్పి, "ఏం చేస్తారు?" అని అడిగి ఆగు. వెనక్కి వెళ్లే దారి మ్యాపు మీద కనిపించాలి, నువ్వు గీసిన దాంట్లో లేదు, కలుపు. మాంసం విసిరి మళ్లిస్తారో, మడుగులోకి తోస్తారో, పరిగెడతారో వాళ్ల ఇష్టం. ఏదో ఒకటి చేసి తప్పించుకున్నా పూర్తి ఎక్స్‌పీ ఇచ్చెయ్.

శనివారం లోపు నలుగురి షీట్లూ ఫోటోలు తీసి పంపు. క్లెరిక్ ఏ స్పెల్స్ తీసుకుందో ముందు చూడాలి. పడినవాణ్ణి దూరం నుంచే లేపే హీలింగ్ వర్డ్ లేకపోతే తలుపు వెనక ఒక్కణ్ణే ఉంచుదాం.

మీ మావయ్య