పాఠకుల ప్రశ్నలు – సమాధానాలు: పరిశోధక విద్యార్థి, పాత మిత్రులు

ప్రశ్న: నేను పీహెచ్‌డీ మూడో సంవత్సరంలో ఉన్నాను. డిగ్రీలో కలిసి చదువుకున్న స్నేహితురాళ్లంతా ఉద్యోగాలలో స్థిరపడ్డారు. ఒకరికి పదోన్నతి వచ్చింది, ఒకరికి పాప పుట్టింది, మరొకరు ఇల్లు మారారు. వాళ్లు తమ సంగతులన్నీ చెప్పి, ‘మరి నీ విశేషాలేమిటి?’ అని అడిగినప్పుడల్లా, ‘ఏముంది, అదే పని’ అని రాసి ఊరుకుంటున్నాను. నిజానికి నాకు రోజంతా క్షణం తీరిక ఉండదు, అయినా చెప్పుకోదగ్గది ఒక్కటీ కనిపించదు. పేపర్ అచ్చయ్యాక తీరికగా అన్నీ రాద్దామనుకుంటూ చాలా కాలం గడిపేశాను. ఇంత ఆలస్యంగా ఇప్పుడు పలకరిస్తే ఏమనుకుంటారోనని జంకుగా ఉంది. ఎలా మొదలుపెట్టాలి? ఏమి చెప్పాలి?
– ఒక పరిశోధక విద్యార్థిని

సమాధానం: మీ చిక్కంతా ‘పేపర్ అచ్చయ్యాక’ అన్న మాటలో ఉంది. పదోన్నతి, పెళ్లి, పాప పుట్టడం వంటివి ఒక తేదీన జరుగుతాయి, ఒక్క వాక్యంలో చెప్పవచ్చు, విన్నవాళ్లకు వెంటనే అర్థమవుతాయి. పరిశోధనలో అలాంటి తేదీలు బహు తక్కువ. వ్యాసం రాసి జర్నల్‌కు పంపితే, సంపాదకులు దానిని చూసి, ఆ రంగం తెలిసిన ఇద్దరికో ముగ్గురికో సమీక్షకు పంపుతారు. వారు తమ పనుల మధ్య వీలు చూసుకుని చదివి అభ్యంతరాలు రాస్తే, మీరు ఒక్కొక్కదానికీ జవాబు వెతికి, అవసరమైతే ప్రయోగాన్ని మళ్లీ చేసి, సవరించిన ప్రతిని తిరిగి పంపాలి. ఇదంతా ముగియడానికి నెలలు పడుతుంది, కొన్ని రంగాలలో ఏడాది దాటినా ఆశ్చర్యపడరు. ఆ తరువాత కూడా తిరస్కరిస్తే మరో జర్నల్‌తో మొదటికి రావాలి. ఇంత నెమ్మదిగా నడిచే వ్యవహారానికి మీ స్నేహాలను ముడిపెట్టి కూర్చుంటే, థీసిస్ సమర్పించే నాటికి శుభవార్త చెప్పడానికి మనుషులు మిగలకపోవచ్చు.

సాటి పరిశోధకులే అచ్చయ్యేదాకా ఆగరన్న సంగతి మీకు తెలియనిది కాదు. భౌతికశాస్త్రవేత్తలు వ్యాసాల ముసాయిదాలను జర్నల్‌లో రాకముందే ఒకరికొకరు పంపుకునేవారు. ఆ అలవాటును వారిలో ఒకరైన పాల్ గిన్స్‌పార్గ్ 1991లో ఎలక్ట్రానిక్ భాండాగారంగా మార్చారు. దానినే ఈ రోజు ఆర్కైవ్ (arXiv) అని పిలుస్తున్నాం. మీ తప్పులు పట్టగల పండితులకే ముసాయిదా చూపించగా లేనిది, తప్పులు పట్టే ఉద్దేశమే లేని స్నేహితురాళ్ల దగ్గర సంకోచం ఎందుకు?

పని మధ్యలో ఉన్న మనిషి మిత్రుడికి ఎలా రాస్తాడో చూడాలంటే చార్లెస్ డార్విన్ 1852లో విలియం డార్విన్ ఫాక్స్‌కు రాసిన ఒక ఉత్తరాన్ని చూడవచ్చు. ఫాక్స్ ఆయనకు బంధువు, కేంబ్రిడ్జిలో చదువుకున్న నాటి స్నేహితుడు. డార్విన్ అప్పటికి కొన్నేళ్లుగా బార్నకిల్స్‌ను, అంటే రాళ్లకూ ఓడల అడుగుభాగానికీ అంటుకుని పెరిగే చిన్న సముద్రజీవులను, పరిశీలిస్తున్నారు. 1846లో చేపట్టిన ఆ పని 1854 దాకా తెమలలేదు. ఆ ఉత్తరంలో ముందుగా ఉన్నది ఫాక్స్‌కు పదో సంతానం కలిగిన సందర్భంగా అభినందన, ఆ వెంటనే తనకు పదో బిడ్డ పుడితే మాత్రం సానుభూతి పంపమన్న హాస్యం, తన కొడుకులు పెద్దయ్యాక ఏ వృత్తిలో కుదురుకుంటారోనన్న తండ్రి బెంగ. ఆ తరువాతే పని ప్రస్తావన. అదైనా సాధించిన ఫలితాల పట్టిక కాదు. ఆ జీవులంటే తనకు విసుగెత్తిపోయిందనీ, నెమ్మదిగా సాగే ఓడలోని నావికుడు కూడా వాటిని అంతగా ద్వేషించి ఉండడనీ ఆయన మొరపెట్టుకున్నారు. పని పూర్తి కావడానికి ఇంకా రెండేళ్లున్నా, ఆ ఉత్తరం చదివిన ఫాక్స్‌కు మిత్రుడు ఎలా ఉన్నాడో, దేనితో కుస్తీ పడుతున్నాడో, దేనికి నవ్వుతున్నాడో తెలిసిపోయింది. క్షేమసమాచారానికి ఇంతకంటే ఏమి కావాలి?

ఇక మీ రోజులో చెప్పుకోదగ్గది లేదన్న మాటను నేను ఒప్పుకోలేను. ‘థీసిస్ ఎంతవరకు వచ్చింది’ అన్న ఒక్క కొలతతో చూసినప్పుడే మీ రోజు ఖాళీగా కనిపిస్తుంది. ల్యాబ్‌లో పెంచుతున్న కణాలకు ఫంగస్ పట్టి వారం పని వృథా కావడం, ఒకే రేఖాచిత్రాన్ని నాలుగు విధాలుగా గీసి చూపిస్తే గైడ్ చివరికి మొదటిదే బాగుందనడం, మొదటి సంవత్సరం పిల్లలకు ట్యుటోరియల్ చెబుతుండగా ఒకరు అడిగిన అమాయకమైన ప్రశ్నకు మీకే జవాబు తోచకపోవడం, పాత పత్రాల గదిలో ఎప్పుడో చనిపోయిన గుమాస్తా చేతిరాతను పోల్చుకోవడం అలవాటై అతని మీద అభిమానం కలగడం, రెండు రోజులు వెతికిన ప్రోగ్రామ్ లోపం చివరికి ఒక్క కామా దగ్గర దొరకడం, ఇవన్నీ కథలే. మీరు వాటి మధ్యనే ఉండడం వల్ల అవి మీకు విశేషాలుగా తోచవు. కార్యాలయంలో కూర్చుని పని చేసే మీ స్నేహితురాలికి మాత్రం ఇది తాను చూడని లోకం.

అయితే ఈ కథలు అందాలంటే నేపథ్యం కొంత తెలిసి ఉండాలి. అది ఒక్కసారి, ఓపికగా చెప్పి పెట్టడం మంచిది. పీహెచ్‌డీలో పరీక్షలు రాసి మార్కులు తెచ్చుకునే దశ మొదట్లోనే ముగుస్తుంది. కోర్స్‌వర్క్, సమగ్ర పరీక్ష, పరిశోధనాంశానికి ఆమోదం అయ్యాక మిగిలినదంతా ఎవరికీ ముందుగా జవాబు తెలియని ప్రశ్న వెంట తిరగడమే. చివర్లో థీసిస్ రాయడం, పరీక్షకులు దానిని చదవడం, వైవాలో సమర్థించుకోవడం ఉంటాయి. దేశాన్ని, విశ్వవిద్యాలయాన్ని బట్టి పేర్లూ వరుసా కొంత మారినా, మొత్తం మీద దారి ఇదే. ఈ మాత్రం తెలిస్తే, ‘ఇంకా చదువుతూనే ఉన్నావా?’ అన్న ప్రశ్న సగం తగ్గుతుంది. మిగిలిన సగాన్ని నవ్వుతూ భరించవలసిందే.

మీ పరిశోధనాంశం గురించి అడిగితే శీర్షిక అప్పజెప్పకండి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయం 2008లో ప్రారంభించి, తరువాత అనేక దేశాలకు పాకిన ఒక పోటీలో, పరిశోధక విద్యార్థి తన థీసిస్‌ను మూడు నిమిషాలలో, ఒకే ఒక్క స్లయిడ్ సహాయంతో, ఆ శాస్త్రంతో పరిచయం లేని శ్రోతలకు చెప్పాలి. స్నేహితులకు మూడు నిమిషాలు కూడా ఎక్కువే. మీరు తెలుసుకోవాలనుకుంటున్నది ఏమిటి, అది ఇంతవరకు తెలియకపోవడానికి అడ్డేమిటి అన్న రెండు వాక్యాలు చాలు. ఆసక్తి ఉన్నవారు మూడో వాక్యాన్ని వాళ్లే అడుగుతారు. అడగనివారికి చెప్పకపోవడం కూడా స్నేహంలో భాగమే.

ఆలస్యంగా పలకరించడానికి జంకుతున్నానన్నారు. ఈ జంకు మీ ఒక్కరిదీ కాదు. పెగ్గీ లియు, ఆమె సహ పరిశోధకులు 2022లో ప్రచురించిన అధ్యయనాలలో, చాలా కాలంగా మాట్లాడని పరిచయస్థులను పలకరించేవారు ఆ పలకరింపు అవతలివారికి ఎంత సంతోషం కలిగిస్తుందో తక్కువగా అంచనా వేస్తారని తేలింది. ఊహించని పలకరింపైతే అందుకున్నవారి సంతోషం ఇంకా ఎక్కువ. కాబట్టి సుదీర్ఘమైన క్షమాపణతో మొదలుపెట్టవద్దు. పేజీ నిండా సంజాయిషీలు ఉంటే, ‘అయ్యో, అలా అనుకోకు’ అని ఓదార్చే పని చదివినవారి మీద పడుతుంది. ‘చాలా రోజులైంది, నువ్వు గుర్తొచ్చావు’ అన్న మాట చాలు, ఆ వెంటనే విషయానికి రావచ్చు. ఉదాహరణకు ఇలా రాయవచ్చు:

‘ఇల్లు మారిన హడావుడిలో ఉన్నానని నువ్వు రాసినప్పుడు నేను పొడిగా జవాబిచ్చి ఊరుకున్నాను, కొత్త ఇల్లు అలవాటైందో లేదో చెప్పు. నేను ఈ నెలంతా ఒక యంత్రం ముందు కూర్చున్నాను. అది నేను పక్కన ఉన్నంతసేపు బుద్ధిగా పనిచేసి, భోజనానికి వెళ్లగానే ఆగిపోతుంది. కొలతలు రావడం లేదు గానీ, దానితో మాట్లాడడం మాత్రం అలవాటైంది. ఆదివారం సాయంత్రం నీకు వీలైతే ఫోన్ చేస్తాను.’

ఇందులో పెద్ద వార్త ఒక్కటీ లేదు. అయినా అడిగినది అవతలి మనిషికి మాత్రమే సంబంధించిన ప్రశ్న, చెప్పినది మీరు మాత్రమే చెప్పగలిగిన సంగతి. అందరికీ కలిపి వాట్సాప్ గుంపులో పెట్టే సమాచారానికి ఈ గుణం ఉండదు. వైవా తేదీ వంటి వార్తలకు గుంపు సరిపోతుంది. మాట కలపడానికి మాత్రం ఒక్కొక్కరికీ విడిగా రాయడమే మేలు, అందరికీ ఒకే వారంలో రాయాలన్న నియమమూ అక్కరలేదు.

మరొక్క మాట. మీ ‘ఏముంది, అదే పని’ వెనక అలసట కంటే బరువైనది ఏదైనా ఉంటే, దానిని హాస్యంగా మార్చి చెప్పవలసిన పని లేదు. నేచర్ అనే శాస్త్ర పత్రిక 2019లో వివిధ దేశాలకు చెందిన ఆరు వేల మందికి పైగా పీహెచ్‌డీ విద్యార్థులను సర్వే చేసినప్పుడు, వారిలో 36 శాతం మంది తమ చదువు కారణంగా కలిగిన ఆందోళన లేదా కుంగుబాటుకు సహాయం కోరినట్లు చెప్పారు. అలాంటి సంగతిని నమ్మకమైన ఒకరితో, నేరుగా చెప్పండి. దానితోపాటు విశ్వవిద్యాలయంలోని కౌన్సెలర్‌నో వైద్యులనో కలవండి. స్నేహితురాలు మీ మాట వినగలదు, చికిత్స చేయలేదు.

ప్రశ్న: నా చిన్ననాటి స్నేహితుడు పరిశోధన చేస్తున్నాడు. ‘థీసిస్ ఎప్పుడు అవుతుంది?’ అని ప్రేమగా అడిగినా ముఖం ముడుచుకుంటాడు. ఇంకేమి అడగాలో నాకు తోచదు.
– ఒక బ్యాంకు ఉద్యోగి

సమాధానం: ఆ ప్రశ్నకు జవాబు అతని చేతిలో లేదు, అందుకే ముఖం ముడుచుకుంటాడు. ప్రయోగం ఫలించాలి, గైడ్ చాలునని అనాలి, పరీక్షకులు నివేదికలు పంపాలి. పైగా గైడ్, ఇంట్లోవారు, ఫెలోషిప్ కార్యాలయం వారు అదే ప్రశ్న అడుగుతుంటే, మీరు నాలుగోవారవుతారు. ‘ఈ వారం ఏ పని మీద ఉన్నావు?’ అని అడిగి చూడండి, దానికి అతని దగ్గర జవాబు తప్పక ఉంటుంది. పోయినసారి అతడు చెప్పిన చిన్న సంగతిని గుర్తుంచుకుని, ‘సమీక్షకుడు అడిగిన ఆ కొత్త లెక్క తేలిందా?’ అని అడిగితే ఇంకా మంచిది. మీ బ్యాంకు కబుర్లు అతనికి విసుగు పుట్టిస్తాయేమోనని మానేయవద్దు. రోజంతా ఒకే విషయంలో మునిగి ఉన్న మనిషికి వేరే లోకపు కబురు ఎంతో హాయిగా ఉంటుంది.

ప్రశ్న: సమయం తక్కువ. సందేశం పంపడం మేలా, ఫోన్ చేయడం మేలా?
– ఒక ఎం.ఫిల్. విద్యార్థి

సమాధానం: తేదీలు కుదుర్చుకోవడానికి సందేశం, మనిషి కోసమైతే ఫోన్. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2021లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, పాత స్నేహితులతో ఫోన్‌లో మాట్లాడడం ఇబ్బందిగా ఉంటుందని మనం ముందు అనుకుంటాం. తీరా మాట్లాడాక ఆ ఇబ్బంది రాతలో కంటే ఎక్కువేమీ ఉండదు, దగ్గరితనం మాత్రం పెరుగుతుంది. ల్యాబ్ నుంచి బయలుదేరి గదికి నడిచే దారిలో చేసే పావుగంట ఫోన్‌కు వేరే సమయం వెతకనక్కరలేదు.

ప్రశ్న: స్నేహితులతో పరిశోధన సంగతులు ఎంతవరకు చెప్పవచ్చు? మా గైడ్ ఏదీ బయట మాట్లాడవద్దంటారు.
– ఒక రీసెర్చ్ స్కాలర్

సమాధానం: మీ గైడ్ హెచ్చరికలో కొంత న్యాయం ఉంది. సర్వేలలో, ఇంటర్వ్యూలలో పాల్గొన్నవారికి గోప్యత పాటిస్తామని మాట ఇచ్చి ఉంటారు కనుక, పేరు తీసేసినా గుర్తుపట్టేలా ఉన్న వారి సంగతులను ఎవరికీ చెప్పకూడదు. సమీక్షకు మీ చేతికి వచ్చిన ఇతరుల వ్యాసం కూడా అంతే. పేటెంటుకు అవకాశమున్న పని అయితే మరీ జాగ్రత్త అవసరం. దరఖాస్తు చేయకముందే వివరాలు బయటపడితే చాలా దేశాలలో ఆ ఆవిష్కరణ కొత్తది కాకుండా పోయి, హక్కు చేజారవచ్చు. ల్యాబ్‌లోని తగాదాలను గుంపులలో రాయవద్దు. ఒకరు ముందుకు పంపితే, అది తిరిగి తిరిగి మీ ల్యాబ్‌కే చేరుతుంది.

వీటిని మినహాయిస్తే చెప్పకూడనిది పెద్దగా ఉండదు. ఫెర్మా చివరి సిద్ధాంతం మీద గణితశాస్త్రవేత్త ఆండ్రూ వైల్స్, 1993లో దాని నిరూపణను ప్రకటించేదాకా సుమారు ఏడేళ్లు గుట్టుగా పనిచేశారు. ఆయన కూడా భార్యకు చెప్పారు, చివరి దశలో ఒక సహోద్యోగికీ చెప్పారు. మీరు ఏ ప్రశ్న మీద పని చేస్తున్నారో స్థూలంగా చెప్పడం వల్ల, ఈ వారం యంత్రం ఎలా మొరాయించిందో చెప్పడం వల్ల ఎవరి హక్కూ పోదు. అనుమానం ఉన్న చోట, ‘ఈ అంశం వరకు బయట చెప్పవచ్చా?’ అని మీ గైడ్‌నే నేరుగా అడగండి. ఏదీ చెప్పవద్దన్నవారు కూడా, ఫలానా అంశమని విడిగా అడిగితే చాలాసార్లు సరేనంటారు.