కొబ్బరికాయ నిలబడితే నీళ్లున్నట్టేనా?

బిడ్డా,

పిల్లలిద్దరినీ బడి మాన్పించి ఇంట్లోనే చదివిస్తున్నావని మీ నాయిన ఫోన్ చేసి చెప్పాడు. ఆ రాత్రంతా టెన్షన్‌తో నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి మళ్లీ చేసి, "తర్కశాస్త్రం కూడా నేర్పుతుందట, ఫ్రీగా దొరికే పుస్తకాల కోసం వెతుకుతోంది" అన్నాడు. అది విన్నాక మాత్రం గర్వంగా అనిపించింది. లెక్కల టీచరుగా రిటైరైనదాన్ని, అనిపించదా మరి?

పెద్దదానికి 14 ఏళ్లు నిండాక ఎన్‌ఐఓఎస్ అనే కేంద్ర ప్రభుత్వ ఓపెన్ స్కూల్లో పదో తరగతి పరీక్ష రాయించు. సర్టిఫికెట్ గురించి ఇంతకన్నా ఎక్కువ చెప్పను. చెప్పినా నువ్వు వినవు.

ఇక పుస్తకాలు. ఎవరో వాట్సాప్‌లో పంపిన దొంగ కాపీలు ముట్టుకోకు, నీకు వాటి అవసరమే లేదు. రాసినవాళ్లే ఉచితంగా ఇచ్చిన మంచి పుస్తకాలున్నాయి. పెద్దదానికి 'ఫర్ ఆల్ ఎక్స్' పెట్టు. పి.డి. మాగ్నస్ అనే ఆయన రాశాడు. దాన్ని కెనడాలోని కాల్గరీ యూనివర్సిటీలో రిచర్డ్ జాక్ వాళ్లు పెంచి, సరిదిద్దారు. నువ్వు ఆ కాల్గరీ కూర్పే తీసుకో. క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కాబట్టి ప్రింట్ తీసుకోవచ్చు, రాసినవాళ్ల పేరు చెప్పి మార్చుకోవచ్చు, తెలుగులోకి తిప్పుకోవచ్చు. అందులోని ఉదాహరణలు తీసేసి మన చెరువులు, బతుకమ్మలు, ఆర్టీసీ బస్సులు పెట్టినా అడిగేవాళ్లు లేరు. పుస్తకం పెద్దది, మొత్తం ఒకేసారి ప్రింట్ తీయించకు. ట్రూత్ టేబుల్స్ దాకా, అంటే ఏ మాట ఎప్పుడు నిజమో ఎప్పుడు అబద్ధమో చూపే పట్టికల దాకా తీయించి, గడియారం సెంటర్‌లో స్పైరల్ బైండింగ్ చేయించు. ఆ తర్వాతి ప్రూఫుల భాగం, అంటే మెట్టు మెట్టుగా నిరూపించేది, అది అడిగినప్పుడు చూద్దాం.

చిన్నోడికి ఇప్పుడే ఆ పుస్తకంలోని తర్కం గుర్తులన్నీ వద్దు. ఆలిస్ కథలు రాసిన లూయిస్ కరోల్ 1886లో 'ది గేమ్ ఆఫ్ లాజిక్' అని రాశాడు, పాత పుస్తకాలు ఫ్రీగా ఇచ్చే ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ వెబ్‌సైట్‌లో ఉంది. అట్ట మీద గళ్లు గీసి, రెండు రంగుల బిళ్లలు పెట్టి ఆడే ఆట. బిళ్లలకు బదులు చింతగింజలు, కందిపప్పు చాలు. ఇంగ్లిష్ పాతకాలంది, నువ్వు పక్కన కూర్చుని చెప్పాలి.

ఇప్పుడు అసలు మాట. మన దేవరకొండ చెలక సంగతి నీకు సగమే తెలుసు. బోరు వేయాలని మీ తాత కొబ్బరికాయతో నీళ్లు చూసే మనిషిని పిలిపించాడు. అరచేతిలో అడ్డంగా పెట్టుకున్న కాయ చెలక మూలకు రాగానే లేచి నిలబడింది. "కింద నీళ్లుంటే కాయ నిలబడుతుంది. నిలబడింది. ఇంకేం కావాలి?" అన్నాడు మీ తాత. పోనీ, మొదటి మాట నిజమే అనుకుందాం. అయినా నిలబడినంత మాత్రాన నీళ్లున్నట్టు కాదు. పట్టుకున్నవాడి చెయ్యి కదిలినా అది లేస్తుంది.

మొదటి బోరులో దుమ్ము లేచింది. ఇంకా లోతుకు పోవాల్సిందన్నారు. రెండోది ఇంకా లోతుకు దించారు, తడి కూడా తగల్లేదు. చోటు రెండడుగులు పక్కకు జరిగిందన్నారు. మా అమ్మ పుస్తెలతాడు తాకట్టుకు పోయింది. మూడోదాంట్లో నీళ్లు పడ్డాయి. "చూశారా, కాయ అబద్ధం చెప్పదు" అని ఊరంతా చెప్పుకున్నాడు. అవి ఫ్లోరైడ్ నీళ్లు. ఆ మాటకు అర్థమేమిటో నల్లగొండ జిల్లాలో ఎవరికీ వివరించక్కర్లేదు. మీ చిన్నాయన పళ్ల మీది మచ్చలు అప్పటివే.

నాకు ఇప్పటికీ మింగుడుపడనిది ఒకటుంది. మీ తాతకు అన్నంభట్టు సంస్కృతంలో రాసిన తర్కశాస్త్ర పుస్తకం, తర్కసంగ్రహం, సగం నోటికి వచ్చు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది గానీ, నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు, ఎర్రగా కాలిన ఇనుపగుండులో పొగ ఏదీ అని ఆ పుస్తకంలోనే ఉంది. అది మా చేత వల్లె వేయించిన మనిషికి కొబ్బరికాయ దగ్గర ఎందుకు గుర్తు రాలేదు? ఇంట్లో ఆయన మాటకు ఎదురు లేదు, అందుకు. "నీళ్లు లేనిచోట కూడా నిలబడుతుందేమో చూశారా?" అని మా అమ్మ ఒకసారి అడిగింది. వంటింట్లోకి పొమ్మన్నాడు.

అందుకే నాకు భయం నీ గురించే. ఇంట్లో అమ్మవూ నువ్వే, టీచరువూ నువ్వే. ప్రూఫులో నువ్వు ఒక మెట్టు దాటేస్తే ఆ పిల్లలు ఎట్లా పట్టుకుంటారు? జవాబులు లేని పుస్తకం ఎంత గొప్పదైనా పక్కన పెట్టెయ్. కాల్గరీ పుస్తకానికి అభ్యాసాల జవాబులు విడిగా దొరుకుతాయి, దించుకో. కరోల్ తన జవాబులు పుస్తకంలోనే ఇచ్చాడు. ఓపెన్ లాజిక్ ప్రాజెక్ట్ వాళ్ల ప్రూఫ్ చెకర్ ఒకటి ఇంటర్నెట్‌లో ఉంది. వరుసగా టైప్ చేస్తే ఏ వరుసలో నియమం తప్పిందో అదే చూపిస్తుంది. దానికి నువ్వు అమ్మవని తెలియదు, మొహమాటం లేదు. మొదట నీ ప్రూఫులు పిల్లల ముందే అందులో పెట్టు. ఎర్ర గుర్తు పడితే వాళ్లు నవ్వుతారు, నవ్వనీ.

చిన్నప్పుడు నన్ను "ఎందుకు అత్తమ్మా?" అని పీక్కుతినేదానివి. నీ పిల్లలు నిన్ను అట్లా తింటే కసురుకోకు. విసుగొస్తే నాకు ఫోన్ కలిపివ్వు, నేను చూసుకుంటాను.

ప్రింట్ తీయించేటప్పుడు రెండు కాపీలు తీయించు, ఒకటి నాకు. జవాబుల కట్ట మాత్రం పిల్లలకు అందనంత ఎత్తున పెట్టు. పెద్దది నీ పోలికే, ముందు చివరి పేజీ తిప్పే రకం.

మీ అత్తమ్మ
నల్లగొండ