చుట్టి ఇస్తే చాలదు, కాపీ తీసి ఇవ్వండి

జావా ప్రోగ్రామింగ్‌లో లిస్టును బయటి క్లాసులకి, అంటే కోడ్‌లోని వేరే భాగాలకి ఇచ్చేటప్పుడు, మార్పుల్ని అడ్డుకునే తొడుగు లాంటి కలెక్షన్స్.అన్‌మాడిఫయబుల్‌లిస్ట్‌లో చుట్టేస్తే ఇక ఎవరూ మార్చలేరు కదా అని ఒకరు అడిగారు. మారుస్తారు. ఏ సీనియర్ చెప్పినా నమ్మకండి.

నేను ఇదివరకు పనిచేసిన చోట డెలివరీ పిన్‌కోడ్ల లిస్టును సరిగ్గా అలాగే చుట్టి అన్ని మాడ్యూల్స్‌కీ ఇచ్చారు. పగలంతా బాగానే నడిచేది. రాత్రిపూట మాత్రం ఉండుండి అమీర్‌పేట అడ్రస్‌కి కూడా 'మీ ప్రాంతానికి డెలివరీ లేదు' అని వచ్చేది. లిస్టు మారే ప్రసక్తే లేదని అందరికీ గట్టి నమ్మకం, అందుకని పాపం నెట్‌వర్క్ వాళ్ల మీద పడ్డారు. లాగ్స్ ముందేసుకుని టైములు కలిపి చూస్తే తేలింది. లిస్టును రాత్రిపూట కొత్తగా నింపే రిఫ్రెష్ జాబ్ చేతిలో అసలు లిస్టు, అంటే మార్చగలిగే అర్రేలిస్ట్, అలాగే ఉంది. అది ముందు క్లియర్ కొట్టి, ఆ తర్వాత డేటాబేస్ నుంచి తెచ్చి నింపుతోంది. ఆ సందులో వచ్చిన రిక్వెస్టుకి దొరికేది ఖాళీ లిస్టు! అన్‌మాడిఫయబుల్‌లిస్ట్ కాపీ తీయదండీ, లోపలున్న లిస్టునే చూపిస్తుంది. అద్దాల బీరువాకి ముందు తాళం వేసి, వెనక చెక్క ఊడబీకినట్టు.

జాబ్‌లో విడిగా కొత్త లిస్టు కట్టి, లిస్ట్.కాపీఆఫ్‌తో మార్చలేని కాపీ తీసి, వోలటైల్ ఫీల్డులో (కొత్త విలువ పెట్టగానే అన్ని థ్రెడ్లకీ కనిపించే ఫీల్డులో) ఒక్క అసైన్‌మెంట్‌తో పెట్టాం. పాతదో కొత్తదో, ఏది కనిపించినా నిండు లిస్టే. కాపీఆఫ్ 2018లో జావా 10తో వచ్చింది. మీ క్లయింటు ఇంకా జావా 8 దగ్గరే కూర్చుంటే గూగుల్ వాళ్ల గువావా లైబ్రరీలో ఇమ్యూటబుల్‌లిస్ట్ ఉంది.

లిస్టు ముందు ఫైనల్ అనే కీవర్డ్ పెట్టాం కదా, ఇక మారదు అనేవాళ్లు వేరే. ఆ ఫైనల్ వేరియబుల్‌కే గానీ లిస్టుకి కాదు, లిస్టులో కొత్తది చేర్చే యాడ్ నిక్షేపంగా పనిచేస్తుంది. ఇంటర్వ్యూల్లో దీన్ని తిప్పి తిప్పి అడిగేవాళ్ల కోడ్‌లోనే ఈ తప్పు ఎక్కువ చూశాను.

నా అసలు కోపం జావా మీద. మారని లిస్టుకి కూడా యాడ్ మెథడ్ తగిలించి పెట్టారు. కంపైలర్ నోరెత్తదు. ప్రొడక్షన్‌లో అన్‌సపోర్టెడ్ ఆపరేషన్ ఎక్సెప్షన్ వచ్చాక తెలుస్తుంది. పైగా లిస్టులో ఎక్కడైనా నల్ (విలువేమీ లేని ఖాళీ) ఉంటే కాపీఆఫ్ నల్ పాయింటర్ ఎక్సెప్షన్ విసురుతుంది. అలా తీసిన లిస్టును 'నీలో నల్ ఉందా' అని కంటెయిన్స్‌తో ఊరికే అడిగినా అదే విసురుడు.