డ్రెడ్ స్కాట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అసలు ఏమని తేల్చింది?

బానిసగా ఉన్న డ్రెడ్ స్కాట్, తన యజమాని అయిన సైనిక వైద్యుడు జాన్ ఎమర్సన్ వెంట, బానిసత్వం చెల్లని ఇల్లినాయ్‌లోనూ, విస్కాన్సిన్ టెరిటరీ (ఇంకా రాష్ట్ర హోదా రాని ప్రాంతం)లోని స్నెల్లింగ్ కోటలోనూ కొన్నేళ్లు గడిపాడు. ఆ నివాసం ఆధారంగా తాము స్వతంత్రులమేనంటూ అతనూ, భార్య హ్యారియెట్ 1846లో సెయింట్ లూయిస్ కోర్టుకెక్కారు. 1850లో జ్యూరీ వారి వైపే మొగ్గినా, 1852లో మిస్సోరి సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది.

చివరకు 1857 మార్చి 6న అమెరికా సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో స్కాట్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఆఫ్రికా బానిసల సంతతివారు, స్వతంత్రులైనా సరే, రాజ్యాంగం దృష్టిలో పౌరులు కారు కనుక ఫెడరల్ కోర్టులో దావా వేసే అర్హతే వారికి లేదని ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ రాశారు. అర్హతే లేదన్నాక కేసు అక్కడితో ముగియాలి. కానీ ఆయన ఆగలేదు. బానిస యజమాని ఆస్తి కాబట్టి, టెరిటరీల్లో బానిసత్వాన్ని నిషేధించే అధికారం అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కు లేదంటూ, ఉత్తరాది టెరిటరీల్లో బానిసత్వాన్ని ఆపిన 1820 నాటి చట్టం ‘మిస్సోరి ఒప్పందం’లోని నిషేధం చెల్లదన్నారు.

రాజ్యాంగానికి ముందే న్యూయార్క్, నార్త్ కరోలినా వంటి ఐదు రాష్ట్రాల్లో స్వతంత్ర నల్లజాతీయులకు ఓటుహక్కు ఉండేదని భిన్నాభిప్రాయంలో జస్టిస్ కర్టిస్ గుర్తుచేశారు. నా దృష్టిలో టానీ వాదనకు అది గట్టి దెబ్బ.

పౌరసత్వంపై ఈ తీర్పును 1868లో రాజ్యాంగ 14వ సవరణ రద్దుచేసింది. తీర్పు వచ్చిన కొద్ది నెలలకే కొత్త యజమాని విముక్తి కల్పించినా, స్కాట్ 1858లో క్షయతో మరణించాడు.