పెద్ద రైఫిల్ తూటాలకు ఎలాంటి రీలోడింగ్ ప్రెస్ తీసుకోవాలి?

.338 లాపువా మ్యాగ్నమ్ వంటి పెద్ద రైఫిల్ తూటాలను రీలోడ్ చేసుకోవడానికి, అంటే పేల్చిన తూటా ఖాళీ ఇత్తడి గొట్టాన్ని (కేసును) మళ్లీ నింపుకోవడానికి, ఏ ప్రెస్ (హ్యాండిల్‌తో నొక్కే యంత్రం) మంచిదన్నది ప్రశ్న. వందల కొద్దీ తూటాలు అవసరం లేనివారికి, ‘ఓ’ ఆకారపు చట్రం ఉన్న పోత ఇనుప సింగిల్ స్టేజ్ (ఒకసారికి ఒకే పని చేసే) ప్రెస్సే సరైనదని నా అభిప్రాయం.

పెద్ద కేసును సైజింగ్ డైలోకి (కేసును తిరిగి సరైన కొలతకు తెచ్చే అచ్చులోకి) నెట్టడానికి చాలా బలం కావాలి. ఒక పక్క తెరిచి ఉండే ‘సి’ ఆకారపు చట్రం ఆ ఒత్తిడికి కొద్దిగా విచ్చుకుంటే కేసు భుజం (మెడ కింద వాలుగా ఉండే భాగం) ఒక్కోసారి ఒక్కో చోట ఆగుతుంది. డైని షెల్ హోల్డర్‌కు (కేసు అడుగును పట్టుకునే బిళ్లకు) ఆనేలా బిగించి, కేసు పెట్టి హ్యాండిల్ పూర్తిగా దించినప్పుడు ఆ రెంటి మధ్య వెలుతురు సన్నని గీతలా కనిపిస్తే, చట్రం సాగుతోందో డై చాలినంత దిగలేదో చూసుకోవాలి.

తర్వాత చూడవలసింది తెరుపు ఎత్తు. .338 లాపువా కేసు పొడవు సుమారు 69 మి.మీ., బుల్లెట్‌తో కలిపితే 93.5 మి.మీ. వరకు ఉంటుంది కనుక, ర్యామ్ (కేసును పైకి నెట్టే కడ్డీ) పూర్తిగా దిగాక డై కింద వేళ్లకు ఇరుకు లేకుండా అంత పొడవు పట్టాలి. డై మర సాధారణంగా 7/8-14 కొలతే (7/8 అంగుళం వ్యాసం, అంగుళానికి 14 మరలు). ఇంకా పెద్దదైన .50 బీఎంజీ తూటా దారి వేరు: కేసే 99 మి.మీ. ఉంటుంది, డైలు ఎక్కువగా 1½-12 మరతో వస్తాయి, కాబట్టి ఆ కొలతకు తగిన ప్రెస్సే కొనాలి.

బల్ల ఊగితే మంచి ప్రెస్ కూడా వృథాయే; మందపాటి పలకకు ఆరపార బోల్టులతో బిగించాలి. కేసుకు లూబ్రికెంట్ సరిగా రాయకపోతే ఎంత బలమైన ప్రెస్‌లోనైనా అది డైలో ఇరుక్కుంటుంది.