కైరోప్రాక్టర్ కంటే ముందు అమ్మగారి ఎముకల సంగతి చూడండి

పాలకొల్లు దగ్గరి పల్లెలో ఉంటున్న మీ అమ్మగారికి 62 ఏళ్ళనీ, ఏడాదిగా నడుము నొప్పితో బాధపడుతున్నారనీ, పది నిమిషాలు నడిస్తే రెండు కాళ్ళూ బరువెక్కి కాసేపు కూర్చుంటే తేలికపడుతున్నాయనీ రాశారు. వీడియోల్లో చూసినట్టు వెన్ను టక్కుమనిపించే కైరోప్రాక్టర్ దగ్గరికి తీసుకువెళ్ళవచ్చా, వెళితే ఏ పద్ధతి మంచిదని అడిగారు. నేను వైద్యుడిని కాను, అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం చేసేవాడిని. ఆరేళ్ళ క్రితం ఒక రోజు కూలీలు తక్కువై, లారీకి నేనూ బస్తాలు అందించబోయి నడుములో డిస్కు జారగా, ఎడమ పిరుదు నుంచి మడమ దాకా నిప్పు రాసినట్టుండే సయాటికా నొప్పితో దాదాపు ఏడాది తిరిగిన అనుభవంతో ఇది రాస్తున్నాను.

మా ఇంట్లో మొదట జరిగిన వైద్యం మీరు ఊహించగలిగినదే. ఎదురుకాళ్ళతో పుట్టిన మేనల్లుడిని పిలిచి మూడుసార్లు నడుము మీద తన్నించారు. వాడికి అప్పటికి ఏడేళ్ళు కనుక మేలు జరగకపోయినా కీడూ జరగలేదు. కీడు జరిగింది ఆ తరువాత, ఒక పట్టణంలో కైరోప్రాక్టిక్ అని బోర్డు పెట్టుకున్న కేంద్రంలో. నొప్పి నడుములో ఉందని చెప్పినా, ఎంతకాలంగా ఉందని గానీ, కాలు తిమ్మిరెక్కుతోందా అని గానీ అడగకుండా, నా మెడ పట్టుకుని రెండు పక్కలకూ విసురుగా తిప్పారు. అంతకుముందే ఇరవై సిట్టింగులకు సరిపడా డబ్బు కట్టించుకున్నారు. రెండు రోజులు కళ్ళు తిరిగాయి, డబ్బు తిరిగి రాలేదు. అక్కడ నాకు బాగా నచ్చినది ఆ శబ్దమేనని ఒప్పుకోవాలి, ఎందుకంటే అది వినపడగానే ఏదో సర్దుకుందన్న భ్రమ కలుగుతుంది.

ఆ శబ్దం మనం వేళ్ళ మెటికలు విరుచుకున్నప్పుడు వచ్చేదే. కీలును ఒక్కసారిగా సాగదీసినప్పుడు దానిలోని ద్రవంలో వాయువు బుడగ ఏర్పడడం వల్ల వస్తుందే తప్ప, తప్పిన వెన్నుపూస తన చోటికి వచ్చిందని దానికి అర్థం కాదు. నడుము నొప్పికి వెన్నును చేతితో సవరించే చికిత్స కొంతమేరకు పనిచేస్తుంది. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీర్ఘకాలపు నడుము నొప్పి గురించి వెలువరించిన మార్గదర్శకాలలో వ్యాయామంతో పాటు దీనినీ పరిశీలించదగిన చికిత్సగా చేర్చింది. మన దగ్గర విరివిగా చేసే, బరువులతోనో యంత్రంతోనో నడుమును లాగి ఉంచే ట్రాక్షన్‌ను, నడుము బెల్టును మాత్రం మామూలుగా వాడవద్దని చెప్పింది. మెడ సంగతి వేరు. అరుదుగానైనా మెడను విసురుగా తిప్పినప్పుడు మెదడుకు వెళ్ళే ధమని గోడ చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి. కనుక నడుము కోసం వెళ్ళినవారి మెడ మీద చెయ్యి వేస్తే వద్దని చెప్పి లేచి రావడమే మేలు. సెలూన్లో క్షవరం అయ్యాక మెడ తిప్పబోయినా నేను ఇప్పుడు అలాగే వారిస్తున్నాను.

తరువాత రాజమండ్రిలో ఒక ఎముకల డాక్టరుగారు నన్ను పడుకోబెట్టి కాలు నిటారుగా ఎత్తించి, మడమల మీద నడిపించి, మోకాలి కింద సుత్తితో తట్టి చూశాకే ఎం.ఆర్.ఐ. రాశారు. ఆయన పంపిన ఫిజియోథెరపిస్టు రెండు నెలలు వ్యాయామాలు చేయించగా సగం తగ్గింది. మిగిలిన సగం కోసం బంధువుల మాట మీద హైదరాబాదులో విదేశంలో చదివి వచ్చిన ఒక కైరోప్రాక్టరును కలిశాను. ఆయన నా రిపోర్టులన్నీ చూసి, విసురుగా నొక్కే పద్ధతి నాకు పనికిరాదని చెప్పి, మధ్యలో వంగే బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, నడుమును నెమ్మదిగా కిందికి వంచుతూ సాగదీసే ఫ్లెక్షన్ డిస్ట్రాక్షన్ చేశారు. ఒక్క శబ్దమూ రాలేదు. ఆరోసారి తరువాత ఇక రావద్దని ఆయనే చెప్పారు. అయితే గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా ప్రయాణం చేసి వెళ్ళి, మళ్ళీ రాత్రంతా ప్రయాణం చేసి వచ్చేసరికి పొందిన సుఖంలో కొంత దారిలోనే పోయేది.

వీడియోల్లో ఎక్కువగా కనిపించేది డైవర్సిఫైడ్ అనే, చేత్తో వేగంగా నొక్కే పద్ధతి. గాన్‌స్టెడ్ కూడా ఆ కోవలోదే. యాక్టివేటర్ అంటే స్ప్రింగుతో చిన్న దెబ్బ కొట్టే చేతి పనిముట్టు, థాంప్సన్ పద్ధతిలో బల్లలోని ఒక ముక్క కొద్దిగా కిందికి జారి ఒత్తిడిని తగ్గిస్తుంది. ఈ పేర్లు కంఠస్థం చేసి వెళ్ళవలసిన అవసరం లేదు. ఎదుటివారికి ఒకే పద్ధతి వచ్చి, వచ్చిన ప్రతివారికీ అదే చేస్తున్నారా అన్నది చూస్తే చాలు. మన దేశంలో ఈ వృత్తికి మెడికల్ కౌన్సిల్ వంటి చట్టబద్ధమైన రిజిస్ట్రేషన్ లేదు కనుక, ఎక్కడ ఎన్నేళ్ళు చదివారని అడగడానికి మొహమాటపడవద్దు. ఏ వైద్య శిక్షణా లేనివారు కైరోప్రాక్టిక్ నేర్చుకోవడానికి కనీసం 4,200 గంటల బోధన ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లోనే సూచించింది. వారాంతపు శిక్షణ సర్టిఫికెట్టు ఆ లెక్కలో దేనికీ రాదు. దగ్గరలో అటువంటివారు దొరకకపోతే, చేతితో కీళ్ళను, కండరాలను సవరించే మాన్యువల్ థెరపీ నేర్చిన ఎం.పి.టి. (ఫిజియోథెరపీలో పీజీ) ఫిజియోథెరపిస్టును భీమవరంలోనో రాజమండ్రిలోనో వెతకడం ఆ రాత్రి ప్రయాణాల కంటే నయం.

ఇక మీ అమ్మగారి విషయం. నడిస్తే కాళ్ళు బరువెక్కి, కూర్చుంటే తగ్గడం వెన్నులోని నరాల దారి ఇరుకైనవారిలో తరచుగా కనిపించే లక్షణమని నాకు డాక్టరుగారు చెప్పగా విన్నాను. అదే నిజమైతే వెన్నును వెనక్కి విరిచే పద్ధతులకు దూరంగా ఉండి, ముందుకు వంచే సున్నితమైన పద్ధతుల గురించి డాక్టరును అడగాలి. అంతకంటే ముఖ్యమైనది మరొకటి ఉంది. మన పల్లెల్లో నడుము నొప్పికి ఆర్.ఎం.పి. పొట్లం కట్టి ఇచ్చే మాత్రల్లో స్టెరాయిడ్ ఉండడం కొత్త కాదు. అవి నెలల తరబడి వాడితే, అసలే నెలసరి ఆగిన వయసులో ఎముకలు మరింత గుల్లబారుతాయి, అటువంటి వెన్ను మీద విసురుగా నొక్కితే పూస విరిగే ప్రమాదం ఉంది. అందుచేత ఎముకల గట్టిదనం కొలిచే డెక్సా స్కాన్ చేయించి, ఆ రిపోర్టు చూపించకుండా ఎవరి చేతా నడుము నొక్కించవద్దు. నొప్పితో పాటు జ్వరం గానీ, కారణం లేకుండా బరువు తగ్గడం గానీ ఉంటే ముందు డాక్టరుకు చూపించాలి. మూత్రం ఆగిపోవడం లేదా తెలియకుండా పోవడం, తొడల మధ్య స్పర్శ తెలియకపోవడం, పాదం పైకి లేవకపోవడం కనిపిస్తే మాత్రం తెల్లవారేదాకా ఆగకుండా ఆ రాత్రే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళండి. ఈ సంగతులు అమ్మగారు మీతో చెప్పడానికి సిగ్గుపడవచ్చు కనుక, ఇంట్లో అక్కచెల్లెళ్ళెవరైనా ఉంటే వారి చేత అడిగించండి.