నర్సరీలో తెచ్చిన తెల్ల ప్లంబాగో మన చిత్రమూలమేనా? లేబుల్ మీద ఏ పేరు రాయాలి?

పువ్వు తెల్లగా ఉందని చిత్రమూలం అనేయకండి. నర్సరీల్లో ‘తెల్ల ప్లంబాగో’ అని అమ్మేది చాలాసార్లు నీలి ప్లంబాగోకే తెల్ల రూపం. దాని పుట్టిల్లు దక్షిణాఫ్రికా. తూర్పు కేప్, క్వాజులు-నటాల్ ప్రాంతాల తుప్పల్లో పక్క చెట్ల మీదికి ఎగబాకుతూ పెరుగుతుంది. దాని పేరు ప్లంబాగో ఆరిక్యులేటా. మన చిత్రమూలం ప్లంబాగో జైలానికా. ప్రజాతి ఒకటే, జాతులు వేరు.

రంగు పక్కన పెట్టి స్కేలు, పది రెట్ల లెన్సు తీసుకోండి. ముందు పూగొట్టం కొలవండి. ఆరిక్యులేటాలో అది 3 నుంచి 4 సెం.మీ., విప్పారిన పువ్వు వెడల్పు 2 నుంచి 3 సెం.మీ. జైలానికాలో గొట్టం దాదాపు 2 నుంచి 2.5 సెం.మీ., పువ్వు కూడా చిన్నదే. పొరపాటు జరిగేది ఇక్కడే: గొట్టం అడుగుభాగం సెంటీమీటరుకు పైగా రక్షక పత్రావళిలో, అంటే పువ్వు అడుగున ఉండే పచ్చటి తొడుగులో, దాగి ఉంటుంది. బయటికి కనిపించేదే కొలిస్తే ఆరిక్యులేటా కాస్తా జైలానికా అయిపోతుంది. రక్షక పత్రావళిని సూదితో చీల్చి, మొదలు నుంచి కొలవండి.

తర్వాత ఆ రక్షక పత్రావళినే లెన్సులో చూడండి. రెండింటికీ కాడలున్న జిగురు గ్రంథులుంటాయి. జైలానికాలో పైనుంచి కిందిదాకా ఉంటాయి, పూగుత్తి కాడ కూడా వేలికి అంటుకుంటుంది. ఆరిక్యులేటాలో పైభాగానికే పరిమితం. కాడ మీద సన్నని నూగు తప్ప జిగురుండదు. నా లెక్కలో అన్నిటికన్నా నమ్మదగిన గుర్తు ఇదే.

ఆకుల సంగతి. ఆరిక్యులేటా ఆకు గరిటె ఆకారంలో, మొదట్లో సన్నబడి ఉంటుంది. జైలానికాది వెడల్పుగా, పలచగా, కొన తేలి ఉంటుంది. రెండింటివీ ఏకాంతరమే, అంటే కణుపుకు ఒక ఆకే. ఆకులు ఎదురెదురుగా ఉంటే అసలు ప్లంబాగోయే కాదు, డురాంటానో మరొకటో చూసుకోండి. ఆరిక్యులా అంటే లాటిన్‌లో చిన్న చెవి. ఆకు మొదట్లో కాండాన్ని పట్టుకున్నట్టుండే చెవుల్లాంటి తమ్మెల వల్లే ఆ పేరొచ్చింది. కానీ చిత్రమూలానికీ తరచుగా ఇలాంటి తమ్మెలుంటాయి, కాబట్టి పేరు చూసి చెవుల మీదే ఆధారపడితే దెబ్బతింటారు. ఆకు అడుగున తెల్లటి పొడి కనిపిస్తే బూడిద తెగులని మందు కొట్టకండి. అది ఆకు గ్రంథులు బయటికి వదిలే సున్నం.

కాయల్నీ గమనించండి. ఆరిక్యులేటాలో కొన్ని మొక్కలకు కీలం (పువ్వులో ఆడ భాగపు కాడ) కేసరాలను (పుప్పొడి ఉండే మగ భాగాలను) దాటి పొడుగ్గా, కొన్నింటికి పొట్టిగా ఉంటుంది. పొడుగు రకానికి పొట్టి రకం పుప్పొడి అందితేనే గింజ కడుతుంది. ఒకే మొక్క కొమ్మలు నాటి పెంచినవన్నీ ఒకే రకం కాబట్టి తోటల్లో కాయలు అరుదు. బట్టలకు అంటుకునే కాయలు విరివిగా వస్తుంటే చిత్రమూలమని అనుమానించాలి.

ఇక పేరు. కొందరు కేపెన్సిస్ అంటారు, కొందరు ఆరిక్యులేటా అంటారు, మొక్క ఒకటే. వృక్షశాస్త్రజ్ఞుల్లో లామార్క్ 1786లో ఆరిక్యులేటా అన్నాడు, థున్‌బర్గ్ 1794లో కేపెన్సిస్ అన్నాడు. ముందు ప్రచురించిన పేరుదే హక్కు, అందుకే రెండోది పర్యాయనామంగా మిగిలింది. లేబుల్ మీద ‘ప్లంబాగో ఆరిక్యులేటా లామ్.’ అని రాసి (‘లామ్.’ అంటే పేరు పెట్టిన లామార్క్), తెల్లదైతే ఆ సంగతి విడిగా రాయండి. రంగు మారితే జాతి మారదు. చిత్రమూలమని తేలితే ‘ప్లంబాగో జైలానికా లి.’ అని రాయాలి. ఆ ‘లి.’ అంటే 1753లో ఆ పేరు ప్రచురించిన లిన్నేయస్.

హెర్బేరియానికి (ఎండు మొక్కల నమూనాల సేకరణకు) నొక్కేటప్పుడు రంగు, కొలతలు పచ్చిగా ఉండగానే రాసుకోండి. ఎండితే నీలం వెలిసిపోతుంది. జిగురు వల్ల పూగుత్తి పేపరుకు అతుక్కుంటుంది, మధ్యలో బటర్ పేపర్ ముక్క పెట్టండి. వేరు తవ్వాల్సి వస్తే గ్లవ్స్ వేసుకోండి. అందులోని ప్లంబాజిన్ అనే పదార్థం చర్మాన్ని బొబ్బలెక్కిస్తుంది. జాతి ఏదని తేలినా సరే, నర్సరీ మొక్క వేరును ఇంట్లో మందుగా వాడొద్దు.